పోర్టులో వద్దన్న పల్లీ ఎవరి పళ్లెంలోకి వస్తుంది?



పని కోసం ఉట్నూరు నుంచో, ఏటూరునాగారం నుంచో, నారాయణఖేడ్ తండాల నుంచో వచ్చి పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం కంపెనీల్లో షిఫ్టులు చేస్తున్న మీలో చాలామంది ముంబయి హైవే మీద ఒక పెద్ద గేటు దాటిపోతుంటారు. అది ఇక్రిశాట్. 1972లో పెట్టిన అంతర్జాతీయ పరిశోధన సంస్థ. జొన్న, సజ్జ, కంది, శనగ, పల్లీ... మన మెట్ట పంటల మీదనే దాని పని. అక్కడి శాస్త్రవేత్తలు పల్లీలో కంటికి కనబడని ఒక విషాన్ని తక్కువ ఖర్చుతో పట్టే పరీక్ష తయారు చేసిన్రు. ఆ పరీక్ష ఎవరి కోసం జరుగుతోంది, ఎవరి కోసం జరగడం లేదు అన్నదే ఇయ్యాల నేను మీతో మాట్లాడాలనుకున్న సంగతి.

ఆ విషం పేరు అఫ్లాటాక్సిన్. పంట కోతకొచ్చే ముందు కరువు పట్టినా, కోసినాక సరిగ్గా ఎండకుండానే గోనెసంచుల్లో కట్టినా ఒక రకం బూజు పడుతుంది. ఆ బూజు ఈ విషాన్ని పుట్టిస్తుంది. వేయించినా, ఉడకబెట్టినా పూర్తిగా పోదు. కొంచెం కొంచెంగా ఏళ్ల తరబడి లోపలికి పోతే కాలేయ క్యాన్సర్ తెస్తుంది. ఒక్కసారే ఎక్కువ పోతే మనిషినే తీసుకుపోతుంది.

యూరప్ దేశాలు దీనికి గట్టి గేటు పెట్టుకున్నయి. నేరుగా తినే పల్లీల్లో కిలోకు 4 మైక్రోగ్రాములు దాటితే సరుకు లోపలికి రానియ్యరు. మన దేశంలో ఒకప్పుడు పరిమితి 30. ఇప్పుడు నేరుగా తినే గింజలకు 10, ఇంకా శుద్ధి చేయాల్సిన వాటికి 15. విదేశాలకు పోయే పల్లీకి మన సర్కారు సంస్థ అపెడా ప్రత్యేక ఏర్పాటే చేసింది. రిజిస్టరైన యూనిట్, ల్యాబ్ పరీక్ష, సర్టిఫికెట్, ఏ లాట్ ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పే ఆన్‌లైన్ లెక్క అన్నీ ఉన్నయి. అయినా 2025 సెప్టెంబర్‌లో, అఫ్లాటాక్సిన్ ఎక్కువుందని ఇండోనేషియా మన పల్లీల దిగుమతి ఆపేసింది.

వాళ్ల ప్రజల ఆరోగ్యం వాళ్లు చూసుకుంటున్నరు. అందులో తప్పు లేదు. మనం అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. అక్కడ వద్దన్న పల్లీ ఎక్కడికి పోతుంది?

ఒక లెక్క చూడండి. ఈ విషం అన్ని గింజల్లో సమానంగా ఉండదు. ముడుచుకుపోయిన, రంగు మారిన, పురుగు తొలిచిన గింజల్లోనే ఎక్కువుంటది. ఎగుమతి కోసం మంచి గింజ ఏరి పక్కన పెడితే, మిగిలిన కుప్పలో విషం పలచబడదు, చిక్కబడుతుంది. అంటే అక్కడి జల్లెడ ఎంత సన్నమైతే, ఇక్కడ మిగిలేది అంత చెడ్డది. ఆ మిగిలిన దాన్ని ఎవరూ పారబోయరు. అది లోకల్ మార్కెట్‌కు, ఆయిల్ మిల్లుకు పోతుంది. పొట్టు తీసి, బద్దలు చేసి, పొడి కొట్టినాక ముడుచుకున్న గింజ ఏదో, రంగు మారిన గింజ ఏదో ఎవరు పట్టగలరు? దాన్ని మంచి సరుకులో కలిపి, మంచి సరుకు ధరకే అమ్మితే అది ప్రకృతి చేసిన పని కాదు. అది కల్తీ, అది మోసం.

మిల్లుకు పోయిన దాని కథ కూడా అక్కడితో ఆగదు. నూనె తీసినాక విషం ఎక్కువ భాగం పల్లీ చెక్కలోనే ఉండిపోతుంది. ఆ చెక్క పశువుల దాణాలోకి, దాణా నుంచి పాలల్లోకి వస్తుంది. ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2019లో బయటపెట్టిన జాతీయ పాల సర్వేలో 6,432 నమూనాలు పరీక్షించిన్రు. ప్రాణాలకు ముప్పు తెచ్చే కల్తీ దొరికింది 12 నమూనాల్లోనే. అఫ్లాటాక్సిన్ పరిమితి దాటింది మాత్రం 368 నమూనాల్లో! పాలల్లో యూరియా కలిపిన్రని వాట్సాప్‌లో వీడియో వస్తే అందరం ఫార్వర్డ్ చేస్తం. ఈ 368 గురించి ఎంతమందిమి మాట్లాడినం?

ఇది ఆదివాసీ సమస్య ఎట్లయితది అంటరా? 1974 గుర్తు చేసుకోవాలె. ఆ ఏడాది చివర రాజస్థాన్, గుజరాత్ సరిహద్దుల్లోని భిల్లు ఆదివాసీ పల్లెల్లో అకాల వానలకు మక్కలు తడిసి బూజు పట్టినయి. ఇంట్లో వేరే తిండి లేదు, అవే తిన్నరు. దాదాపు 400 మందికి కామెర్లు వచ్చి, పొట్టలు ఉబ్బినయి. 106 మంది చనిపోయిన్రు. అవే మక్కలు తిన్న ఇంటి కుక్కలు కూడా చచ్చిపోయినయి. దాని కారణం కనిపెట్టింది మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలే. కొన్ని మక్కల్లో విషం కిలోకు 15 మిల్లీగ్రాముల పైనే ఉంది. ఇయ్యాల్టి పరిమితికి వెయ్యి రెట్లు. మక్కలే ముఖ్య తిండి అయిన పేద ఆదివాసీ ఇళ్లే బలయినయి. బూజు పట్టిందని తెలిసినా పారబోసే స్తోమత లేకపోవడమే ఆ చావుల అసలు కారణం. ఆహార భద్రత అంటే కడుపు నిండటం ఒక్కటే కాదు, చెడిపోయిన దాన్ని వద్దనగలగడం కూడా.

తేనె సంగతి కూడా ఇంతే. అమెరికా 2001లో చైనా తేనె మీద అదనపు సుంకం వేసింది. ఆ తర్వాత చైనా తేనె వేరే దేశాల లేబుళ్లు తగిలించుకొని అమెరికా చేరింది. గోడ ఎత్తు పెంచినకొద్దీ దొంగదారికి ధర పెరిగింది. చివరికి అమెరికాకు పోయే మన తేనెకు 2020 ఆగస్టు 1 నుంచి ఎన్ఎంఆర్ అనే ఖరీదైన పరీక్ష తప్పనిసరి చేసిన్రు. మన అంగట్లో అమ్మే తేనెకు చేయలేదు. అదే ఏడాది డిసెంబర్‌లో ఢిల్లీలోని సీఎస్ఈ సంస్థ మన మార్కెట్‌లోని 13 బ్రాండ్ల తేనెను జర్మనీలో ఆ పరీక్షకు పంపిస్తే 10 ఫెయిల్ అయినయి. కంపెనీలు ఒప్పుకోలేదనుకోండి. కానీ మామూలు పరీక్షలకు దొరకకుండా తయారు చేసిన చక్కెర సిరప్‌లు అమ్ముడవుతున్నయని ఆ సంస్థ చూపించింది. నల్లమలలో తాడు పట్టుకొని కొండచరియ దిగి తేనె తీసే చెంచు అన్న ఆ సిరప్ ధరతో ఎట్లా పోటీ పడతడు? మోసపోయింది కొన్నోళ్లు ఒక్కరే కాదు, తేనె తీసినోళ్లు కూడా.

కొందరు ఇంకో మాట అంటరు. "యూరప్ లెక్క ఇక్కడా పెడితే చిన్న రైతు పల్లీ ఎవరూ కొనరు. పేదోడికి ఆ తిండి కూడా దొరకదు." ఈ మాటను కొట్టిపారేయలేం. ప్రపంచ బ్యాంకు పరిశోధకులే 2001లో లెక్క కట్టిన్రు. యూరప్ పెట్టిన గట్టి పరిమితి వల్ల అక్కడ వంద కోట్ల మందిలో ఏడాదికి దాదాపు ఒకటిన్నర ప్రాణం నిలబడితే, ఆఫ్రికా దేశాల ఎగుమతులు 60 శాతానికి పైగా, అంటే 67 కోట్ల డాలర్ల దాకా పడిపోతాయని చెప్పిన్రు. అందుకే రేపటికి రేపు 4 పెట్టమని మనం అడగడం లేదు. ఉన్న 15ను, 10ను నిజంగా పరీక్షించమంటున్నం. కాగితం మీది 4 కన్నా, మన ఊరి గోదాంలో పరీక్షించిన 15 మేలు.

అది అయ్యే పనే. ఇక్రిశాట్ చేసిన పరీక్షతోనే ఆఫ్రికాలోని మలావీ రైతు సంఘం తన పల్లీని మళ్లీ యూరప్ మార్కెట్‌కు పంపగలిగింది. రెండు డాలర్ల లోపు ఖర్చుతో, పావుగంటలో ఫలితం చెప్పే చేతి కిట్ కూడా తర్వాత వచ్చింది. ఇదే ఇక్రిశాట్ గిరిజన సంక్షేమ శాఖతో కలిసి "గిరి పోషణ" పేరుతో ఉట్నూరు, ఏటూరునాగారం, భద్రాచలం ఐటీడీఏల్లో అంగన్‌వాడీ పిల్లలకు జొన్న, పల్లీలతో చేసిన తిండి అందించింది. మంచి పని. దారి ఉందని అదే చెబుతోంది. పటాన్‌చెరు నుంచి మలావీకి పోయిన పరీక్ష, పటాన్‌చెరు నుంచి ఉట్నూరుకు పోలేదా?

కాబట్టి మనం అడగాల్సినవి ఇవి.

ఒకటి: ఆశ్రమ పాఠశాలలకు, హాస్టళ్లకు, అంగన్‌వాడీలకు వచ్చే పల్లీ, పల్లీపట్టి, మక్కల ప్రతి లాట్‌కూ అఫ్లాటాక్సిన్ పరీక్ష జరగాలె. ఆ రిపోర్టు తెలుగులో గోడ మీద పెట్టాలె.

రెండు: ఐటీడీఏ, జీసీసీ కొనే చోట కల్లాలు, టార్పాలిన్లు, తేమ చూసే మిషన్ ఉండాలె. తడి పేరు చెప్పి ధర కోయడం కాదు, ఎండబెట్టుకునే వసతి ఇయ్యాలె. విషం పుట్టేది అక్కడే, ఆపాల్సిందీ అక్కడే.

మూడు: ఎగుమతి తేనెకు ఏ పరీక్షో, మన అంగట్లో అమ్మే బ్రాండ్ తేనెకూ అదే పరీక్ష.

సర్కారు చేసేదాకా చేతులు కట్టుకొని కూర్చోవాల్సిన పని లేదు. 2006 ఆహార భద్రత, ప్రమాణాల చట్టంలో 40వ సెక్షన్ చదవండి. కొన్న సరుకును ఫీజు కట్టి పరీక్ష చేయించుకునే హక్కు మామూలు కొనుగోలుదారుకూ ఉంది. సరుకు చట్టానికి విరుద్ధమని తేలితే ఆ ఫీజు వాపసు వస్తుంది. హాస్టల్‌కు వచ్చిన పల్లీకి ఏ పరీక్ష చేసిన్రో సమాచార హక్కు కింద ఒక్క అర్జీ పెట్టండి. జవాబు రాకపోతే, అర్జీ కాపీ పట్టుకొని ఐటీడీఏ ప్రజావాణిలో నిలబడండి. ఊరికొకరు పెట్టినా చాలు, లెక్క కదులుతుంది.

దొర తినే గింజను ఏరి, మిగిలిన తాలు మనకు పోసిన రోజులు మన తాతలు చూసిన్రు. ఇప్పుడు దొర పేరు మారింది, అంతే. ఆ తాలును మన పిల్లల పళ్లెంలో పోయనిద్దామా?