పది శాతం లోపు

థీసిస్‌తోపాటు ఒక సర్టిఫికెట్ కుట్టి ఉంటుంది. సాఫ్ట్‌వేర్‌లో పెట్టి చూశాం, పోలిక 7 శాతం అని. కింద స్కాలర్ సంతకం, గైడ్ సంతకం, ఆఫీసు ముద్ర. ఎక్స్‌టర్నల్‌గా వైవాకి వెళ్లినప్పుడల్లా ముందు నా చేతికొచ్చేది ఆ కాగితమే. కొన్నేళ్ల కిందట ఒకచోట నాలుగో అధ్యాయంలోని పట్టిక దగ్గర ఆగిపోయాను. 12 నమూనాలు, ఒక్కోదానికి మూడు రీడింగులు. ఆ మూడింటి మధ్య తేడా ప్రతిచోటా అచ్చు పోసినట్టు ఒకేలా ఉంది. ల్యాబ్‌లో చేతులు కాల్చుకున్నవాళ్లకు తెలుసు, అంకెలు అంత బుద్ధిగా కూర్చోవు.

"అమ్మా, ఈ రీడింగులు రాసుకున్న నోట్‌బుక్ ఉందా?" అని అడిగాను. ఆ అమ్మాయి గైడ్ వైపు చూసింది. "సిస్టం క్రాష్ అయింది సార్, ఫైనల్ టేబుల్సే మిగిలాయి" అన్నాడాయన. నా సందేహం రిపోర్టులో రాశాను. డిగ్రీ వచ్చేసింది. పోలిక 7 శాతమే కదా మరి.

ఆ కాగితానికి మూలం యూజీసీ 2018లో తెచ్చిన నిబంధనలు. పోలిక 10 శాతం లోపుంటే శిక్ష లేదు. 10 నుంచి 40 దాకా ఉంటే ఆరు నెలల్లోగా సవరించి ఇవ్వాలి. 40 నుంచి 60 అయితే ఏడాది ఆగాలి. 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. అందరూ వాడే మామూలు మాటలైతే వరసగా 14 పదాల దాకా కలిసినా లెక్కలోకి రావు. ఇంత వివరంగా రాసుకున్నాం, మంచిదే. అయితే ఈ మెట్లన్నీ మాటల మీద కట్టినవి. చేయని ప్రయోగానికి ఫలితాలు రాయడం, నచ్చని రీడింగులు తీసేయడం, ఒకే బొమ్మను తిప్పి రెండు ప్రయోగాలుగా చూపడం, వీటికి ఆ శాతాల్లో చోటు లేదు. పుట్టించిన అంకెకు ప్రపంచంలో మరెక్కడా పోలిక దొరకదు. దొంగ పట్టిక ఎంత గొప్పగా ఉంటే పోలిక అంత సున్నా.

కాపీ కొట్టినవాడికి కూడా ఆ పది శాతం గీత పెద్ద అడ్డమేమీ కాదు. వాక్యాలు తిప్పి రాసిచ్చే సాఫ్ట్‌వేర్లు ముందే ఉన్నాయి. ఇప్పుడు ఏఐ ఆ పని ఒక పూటలో చేస్తుంది. ఇక తెలుగులో రాసిన పాత థీసిస్‌లంటారా, లైబ్రరీ బీరువాలో గుడ్డ అట్టల మధ్య పడున్న పుస్తకంతో ఏ యంత్రం పోల్చి చూస్తుంది?

శాతాలకు అందని మోసానికి ఒక ఉదాహరణ చూడండి. చండీగఢ్‌లోని పంజాబ్ విశ్వవిద్యాలయంలో వి.జె. గుప్తా అనే భూగర్భశాస్త్ర ఆచార్యుడు ఉండేవారు. హిమాలయ శిలాజాల మీద పాతికేళ్లలో 300కు పైగా పత్రాలు రాశారు. ఎందరో శాస్త్రవేత్తలు ఆయనతో పేరు కలిపారు. 1989లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్త జాన్ టాలెంట్ 'నేచర్' పత్రికలో ఆ శిలాజాల గుట్టు విప్పారు. హిమాలయాల్లో దొరికాయన్న కోనోడాంట్ శిలాజాలు న్యూయార్క్ రాష్ట్రంలోని ఆమ్స్‌డెల్ క్రీక్ అనే వాగు దగ్గర దొరికేవాటితో రంగులో, రూపంలో సరిగ్గా సరిపోయాయి. కొన్ని అమ్మోనాయిడ్ శిలాజాలు మొరాకోవి. విచారణలో తప్పు తేలింది. అయినా 2002లో రిటైరయ్యేదాకా ఆయన ఆ విశ్వవిద్యాలయంలోనే కొనసాగారు.

ఆ పత్రాలను ఇవాళ్టి సాఫ్ట్‌వేర్‌లో పెడితే ఏమొస్తుంది? వాక్యాలు ఆయనవే. వేరే దేశం నుంచి వచ్చింది రాయి. ఆ రాయి ఎక్కడ తవ్వావు, చూపించు అని సహరచయితల్లో ఒక్కరు పట్టుబట్టినా చాలేది. నమూనాను ఆయన చేతినుంచే తీసుకుని, వర్ణన రాసి, పేరు కలిపినవాళ్లు చాలామంది. వాళ్లు దొంగలు కారు, అడగలేదంతే. హిమాలయ భూగర్భ చరిత్రలో ఏది నమ్మాలో ఏది కొట్టేయాలో తేల్చుకోవడం తర్వాతివాళ్ల నెత్తిన పడింది.

మన తెలుగు నేల మీదా ఇలాంటిది ఉంది. తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఒక రసాయనశాస్త్ర ఆచార్యుడి పేరు మీద 2004 నుంచి 2007 మధ్య విదేశీ జర్నళ్లలో వచ్చిన దాదాపు 70 పత్రాలు కాపీలో, కల్పితాలో అని 2008లో ప్రపంచమంతా చదివింది. నాలుగేళ్లలో 70 అంటే నెలకు ఒకటిన్నర. ఆ వేగం చూసి ఎవరైనా ఎప్పుడైనా ల్యాబ్ తలుపు తట్టాల్సింది. బయటపెట్టింది మాత్రం విదేశీ జర్నళ్లకు పత్రాలు చూసిపెట్టే శాస్త్రవేత్తలు.

అడిగినవాళ్లకు ఏమవుతుందో తెలియాలంటే కుమావూఁ విశ్వవిద్యాలయం చూడాలి. 2002లో అక్కడి వైస్ ఛాన్సలర్ పేరుతో వచ్చిన భౌతికశాస్త్ర పత్రం స్టాన్‌ఫర్డ్ శాస్త్రవేత్త రెనాటా కల్లోష్ 1996లో రాసినదానికి నకలని ఆ విభాగాధిపతి కవితా పాండే బయటపెట్టారు. ముందు వేటు పడింది ఆమె మీదే. ముగ్గురు నోబెల్ గ్రహీతలు సహా ఏడుగురు స్టాన్‌ఫర్డ్ ఆచార్యులు రాష్ట్రపతి కలాంకు ఉత్తరం రాశాక కదలిక వచ్చింది. 2003లో వీసీ రాజీనామా చేశారు. కాంట్రాక్టు లెక్చరర్‌కో, ఫెలోషిప్ మీద గైడ్ సంతకం కావలసిన స్కాలర్‌కో ఏ నోబెల్ గ్రహీత ఉత్తరం రాస్తాడు?

2018 నిబంధనల్లో తొలి విచారణ డిపార్టుమెంటు ప్యానెల్‌దే. దానికి అధ్యక్షుడు విభాగాధిపతి. పక్క గది మనిషి మీద, రేపు తన ప్రమోషన్ కమిటీలో కూర్చోబోయే మనిషి మీద ఆయన తీర్పు చెప్పాలి. అమెరికాలో ప్రభుత్వ నిధులతో జరిగే ఆరోగ్య పరిశోధనల మీద నిఘాకు 1992 నుంచి ప్రత్యేక కార్యాలయం ఉంది. డెన్మార్క్ 2017లో, స్వీడన్ 2020లో విశ్వవిద్యాలయాల బయట విచారించేలా జాతీయ స్థాయి ఏర్పాటు చేసుకున్నాయి. మనకు 1986లో మొదలైన సొసైటీ ఫర్ సైంటిఫిక్ వాల్యూస్ ఉంది. స్వచ్ఛంద సంస్థ. పిలిచి సాక్ష్యం అడిగే అధికారం దానికి లేదు.

తప్పంతా మనుషులదే అనడం కూడా అన్యాయం. 2010 నుంచి అధ్యాపకుల ప్రమోషన్‌కు పత్రాల లెక్కన పాయింట్లు పెట్టారు. పీహెచ్‌డీకి కూడా చాలాకాలం పత్రం తప్పనిసరి, 2022లో యూజీసీ అది తీసేసింది. ఈ మధ్యలో డబ్బిస్తే వేసే జర్నళ్లు పుట్టగొడుగుల్లా మొలిచాయి. హైదరాబాద్ కేంద్రంగా ఇలాంటి జర్నళ్లు నడిపే ఒమిక్స్ సంస్థ 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని అమెరికా కోర్టు 2019లో తీర్పిచ్చింది. 2014లో ఇలాంటి జర్నళ్లలో వచ్చిన పత్రాలు 4,20,000 దాకా ఉంటాయని, రచయితల్లో మూడోవంతుకు పైగా భారతీయులేనని ఫిన్లాండ్ పరిశోధకులు అంచనా కట్టారు. మన పాయింట్ల పద్ధతి ఎవరికి సంత తెరిచిపెట్టిందో ఆ అంకెలే చెబుతాయి.

చేయాల్సిన పని ఖరీదైనదేమీ కాదు. పేజీలకు నంబర్లు వేసిన ల్యాబ్ నోట్‌బుక్ డిపార్టుమెంటు ఇవ్వాలి, వారానికోసారి గైడ్ తేదీ వేసి సంతకం పెట్టాలి. యంత్రం ఇచ్చిన అసలు ఫైళ్లు థీసిస్‌తోపాటు లైబ్రరీకి చేరాలి. ఏటా లాటరీ తీసి పది థీసిస్‌లు బయటివాళ్లతో తెరిపించి చూడాలి. ఫిర్యాదు వస్తే విచారణ మరో విశ్వవిద్యాలయానికి వెళ్లాలి, ఫిర్యాదు చేసిన స్కాలర్‌కు ఆ రోజే వేరే గైడ్ దొరకాలి. చివరిది లేకపోతే మిగతావన్నీ మళ్లీ సంతకాలూ ముద్రలే అవుతాయి.

ఇప్పుడు వైవాకి ఒప్పుకునే ముందు నేనొక ఉత్తరం రాస్తున్నాను, అసలు రీడింగులు వారం ముందు పంపమని. రెండుచోట్ల నుంచి వచ్చాయి. ఒకచోట నోట్‌బుక్ మీద టీ మరకలున్నాయి, కొట్టివేతలున్నాయి, తొమ్మిదో నమూనా పాడైందని ఎర్ర సిరాతో రాసుంది. మూడోచోట నుంచి మాత్రం రిజిస్ట్రార్ ఆఫీసు ఫోన్ చేసి, ఎక్స్‌టర్నల్‌గా వేరేవారిని పెట్టుకున్నాం, మీకు శ్రమ ఎందుకు సార్ అంది.