నవలల కులగోత్రములు



పెండ్లిచూపులకు ముందు కులగోత్రముల నడుగుట మన యాచారము. పుస్తకముల విషయమునను మన మట్లే చేయుచున్నాము. నవల చేతి కందగానే యిది సాంఘికమా, చారిత్రకమా, హాస్యమా, అపరాధపరిశోధనమా, ప్రేమకథయా యని యడిగి, దానికి లోపల పీట వేయవలెనో వీధియరుగుమీదనే కూర్చుండబెట్టవలెనో నిర్ణయించుచున్నాము.

నేను విమర్శకురాలను గాను. ఇంటిపని ముగిసి, సముద్రపుగాలి తిరుగువేళ దొరకిన గంటసేపు చదువుకొను దానను. బాల్యమున మా తండ్రిగారు చెప్పిన భారతమును ప్రబంధములును నా చదువు. నవలలు పెండ్లియైన పిదప, మా పంతులుగారి పెట్టెలో దొరకినవి. నా బోటి చదువరికి తోచిన మాటలను మాత్రమే యిచట వ్రాయుచున్నాను.

వ్రాయుటకు కారణ మొకటి కలదు. మా తీరగ్రామమున పదవ తరగతి ముగించి యింట నిలిచిపోయిన పిల్ల యొకతె పుస్తకములకై నాయొద్దకు వచ్చుచుండును. ఆమెకొక అపరాధపరిశోధక నవల నిచ్చితిని. వారి నాయనమ్మగారు దానిని జూచి, “ఆడపిల్లకు దొంగలకథ లెందుకమ్మా? భారతముంటే యియ్యి” అని త్రిప్పి పంపిరి. భారతమే యిచ్చితిని. పిల్లకు పద్యము కొఱుకుడుపడక రెండు దినములలో మూసివేసెను. ఇప్పు డామె చేత ఫోను తప్ప మఱేమియు లేదు. పెద్దవారి మాటను నేను తీసివేయను. కాని మంచి పుస్తకమే చదువవలెనను పట్టుదలచే ఏ పుస్తకమును చదువకుండుట తటస్థించినచో, ఆ నష్ట మెవరిది?

దొంగలకథలు మనకు క్రొత్తవి కావు. పదుమూడవ శతాబ్దిని మన నెల్లూరి తిక్కన సోమయాజిగారికే కేతన తన దశకుమారచరిత్రము నంకితమిచ్చెను. అందలి యపహారవర్మ జూదరి, కన్నము వేయువాడు. చంపానగరమున లోభుల ధనమును దోచినవాడు. దండి చెప్పిన యా కథలో దొంగయే నాయకుడు. కొమ్మూరి సాంబశివరావుగారి నవలలలో నన్ననో, యుగంధరుడు తన సహాయకుడైన రాజుతో గూడి దొంగను పట్టుకొనును! ఈ రెంటిలో నేది నీతిదాయకమో పెద్దలే సెలవియ్యవలెను. పింగళి సూరన కళాపూర్ణోదయమున ముడిమీద ముడివేసి, విప్పుటను చివరివఱకు దాచియుంచిన నేర్పునకును, పరిశోధక నవలలోని నేర్పునకును చుట్టఱికము లేకపోలేదు. కావున జాతిని బట్టి నవలను వెలివేయుట తగదు.

అట్లయిన దేనిని బట్టి యెంచవలెను? నా కొలబద్ద తిక్కనగారి విరాటపర్వమున దొరకినది. కీచకునిచే నవమానింపబడిన ద్రౌపది, రాత్రివేళ వంటయింటనున్న భీముని లేపి తన గోడు చెప్పుకొనును. సైరంధ్రి వేషమున నున్నను ఆమె మాట దాసిమాట కాదు. ఆమె పలుకనిచో కథయే నడవదు. నవల యేదైనను నేను చూచున దిదియే: అందలి స్త్రీకి తనదైన మాట యున్నదా? లేక, నాయకునికి కాఫీ యిచ్చి లోపలికి పోవుటకే వచ్చినదా?

ఈ కొలబద్దతో కొన్నిటిని కొలుతము.

కందుకూరి వీరేశలింగముగారి రాజశేఖరచరిత్రము 1878లో వివేకవర్ధని పత్రికలో మొదలై 1880లో పుస్తకమైనది. ముఖస్తుతులకు లొంగిన గృహస్థుడు, బంగారము చేసెదనని వచ్చిన బైరాగి చేత మోసపోవుట నేటికిని పాతబడలేదు. బైరాగులు వేషము మార్చి ఫోనులలోనికి వచ్చిరి, అంతియే. ఉపన్యాసములు వచ్చినచోట నేను పుటలు త్రిప్పుదును. కాని తండ్రి యజ్ఞానమునకు కుమార్తెలు పడిన పాట్లు చదువునప్పుడు త్రిప్పలేను.

చారిత్రక నవలలలో విశ్వనాథవారి ఏకవీర నాకు మిక్కిలి యిష్టము. మధురలో నాయకరాజుల కాలము, ఇద్దఱు మిత్రులు. ఒకడు వలచిన కన్య మఱియొకని భార్య యైనది. పెండ్లికి ముందు ఆ యిద్దఱు కన్యలను ఒక్కమాట యడిగియున్నచో నవలయే లేదు. అడుగని మాట యెంత పని చేయునో ఇంతకంటె తెలియజెప్పినవారు లేరు. బాపిరాజుగారు చిత్రకారులగుటచే వారి గోనగన్నారెడ్డి బొమ్మలు బొమ్మలుగా నడచును. చదువునేర్చుచున్న పిల్లలకు మంచిది.

1934లో ఆంధ్రవిశ్వకళాపరిషత్తు బహుమానమును విశ్వనాథవారి వేయిపడగలును, బాపిరాజుగారి నారాయణరావును పంచుకొన్నవి. మొదటిది పెద్దవిందు, పదార్థము లన్నియు నొకే విస్తరిలో వడ్డించినట్లుండును. పాతవ్యవస్థ పోయినదని ఆ కవి పడు దుఃఖమంతయు నాది కాదు. అయినను దేవునియెదుట నాడు గిరికను మఱవలేకున్నాను. రెండవదానిలో జమీందారుల బిడ్డయైన శారద, బంధువుల మాటలు విని భర్తను చిన్నచూపు చూచి, క్రమముగా తన కన్నులతో నతనిని జూడ నేర్చుకొనును. ఆ నేర్చుకొనుట ఆమెదే గాని, మఱియొకరు నేర్పినది కాదు. క్రొత్తకోడండ్రకు నేను మొదట నిచ్చునది యిదియే.

ఉన్నవ లక్ష్మీనారాయణగారు చెఱలో వ్రాసిన మాలపల్లి 1922లో వెలువడినది. దొరతనమువారు దానిని నిషేధించిరి. 1937లో కాంగ్రెసు మంత్రివర్గము వచ్చిన పిమ్మటగాని దానికి పూర్ణవిముక్తి కలుగలేదు. రామదాసు కుటుంబము పొందిన కష్టములు, సంగదాసు మరణము చదివినవారికి, పెరటిగుమ్మము వెలుపల నిలుచున్న మనుష్యుని జూచు చూపు మాఱకమానదు. తుపాకి లేని పుస్తకమునకు ప్రభుత్వ మంతగా నేల జంకెనో అప్పుడు తెలియును.

హాస్యములో చిలకమర్తివారి గణపతి బడిపెట్టుకొని కూర్చున్న భాగమును మా పంతులుగారే యందఱికంటె గట్టిగా నవ్వుచు చదువుదురు. మొక్కపాటి నరసింహశాస్త్రిగారి బారిష్టరు పార్వతీశము 1924లో మొదటిభాగము వెలువడినది. మొగలితుర్రునుండి సీమకు బయలుదేరి ఆడువారి టోపీ కొనుక్కొన్న యా మహానుభావుడు తన కథను తానే చెప్పుకొని, తన్ను జూచి తానే నవ్వును. ఇందు స్త్రీల మాట తక్కువయే. కాని తన్ను జూచి తాను నవ్వుకొన గల పురుషుడు ఇంట నున్నచో ఆ యింటి యాడువారి మాటకు చోటు దానంతట నదే కలుగును. కావున దీనిని కొలబద్దకు వెలి చేయను.

ఇక అందఱును ముక్కు విఱుచు ప్రేమకథలు. కొవ్వలి లక్ష్మీనరసింహారావుగారు వేయి నవలలు వ్రాసిరి. చిన్నవెలకు దొరకుటచే రైలుప్రయాణములలో నెందఱో వానిని జదివిరి. ఎందఱో స్త్రీలకు చదువు అలవాటైనది వానివలననే. ఆ యలవాటే పిదప పెద్దపుస్తకములకు దారి. యద్దనపూడి సులోచనారాణిగారి సెక్రటరీ జ్యోతి మాసపత్రికలో వెలువడి, 1976లో చలనచిత్రమైనది. నాయకుని కారు కొంచెము పెద్దదే, కలలును పెద్దవే. అయినను జయంతి యుద్యోగము చేయును, అభిమానము చంపుకొనదు. ఆ కాలమున నెందఱు కన్యలు దీనిని జదివి, జీతము తెచ్చు స్త్రీకి మాట యుండునని తలచిరో! హేళన చేయువారు ఆ సంగతి మఱతురు.

ఇతరదేశముల నవలలు మనకు దూరమని నిరుత్సాహపడవలదు. మాలతీ చందూరుగారు స్వాతి మాసపత్రికలో “పాతకెరటాలు” శీర్షికన ఆంగ్లనవలల కథలను దీర్ఘకాలము తెలుగున చెప్పిరి. వంటయింటనుండియే ప్రపంచమును జూపినవారు వారు.

పుస్తకము స్త్రీని చెఱచునని యనువారికి మా జిల్లాయే ప్రత్యుత్తరము. పొణకా కనకమ్మగారు బడికి పోక యింటనే చదువుకొని, 1923లో నెల్లూరిలో బాలికలకు కస్తూరిదేవీ విద్యాలయమును స్థాపించిరి. చదువు ఒకయింట మొదలై ఊరికి బడియైనది.

కావున పెద్దలకు నా మనవి: పిల్లచేతి నవలను లాగికొనకుడు. చదివి వినిపింపు మని యడుగుడు. మీకు నచ్చనిచోట ఆపి, ఎందుకు నచ్చలేదో చెప్పుడు. ఆమె యేమనునో వినుడు. ఆ వాదమే చదువు. పిల్లలారా, మీకును ఒక మాట: యుగంధరుడు దొంగను పట్టుకొన్నపిదప అక్కడనే నిలువకుడు. నారాయణరావునకు రండు, అటనుండి మాలపల్లికి నడువుడు. విరాటపర్వ మెక్కడికిని పోదు; నాలుగు పద్యములు చెప్పించుకొన్నచో ద్రౌపది తానే పిలుచును.