కెడిల్‌స్టన్‌లో నెమలికన్నులు

మా అమ్మాయి డెర్బీలో ఉండడంవల్ల కెడిల్‌స్టన్ హాలును చూచే యోగం కలిగింది. 1760ల నాటి మందిరం. రాబర్ట్ ఆడమ్ తీర్చిన పాలరాతి సభ ఒక్కటి చాలు: 20 అలబాస్టర్ స్తంభాలు, పైకప్పునుండి మాత్రమే దిగే వెలుగు. రాజశయ్య కోళ్ళను తాళవృక్షాలుగా చెక్కారు. తాడో ఈతో పోల్చుకోలేక నవ్వుకొన్నాను.

నా చూపు నిలిచిపోయింది మాత్రం కింది అంతస్తులో, కర్జన్ ప్రభువు సేకరించిన ప్రాచ్యవస్తువుల నడుమ. 1903 ఢిల్లీ దర్బారులో ఆయన సతీమణి ధరించిన గౌను అది. నిలువెల్లా జర్దోజీ నెమలిపింఛాలే. కంటికొక పచ్చని పురుగురెక్క. ఆ అల్లిక మన దేశపు చేతులది.

కర్జన్‌ను దొంగ అని తీసిపారవేయడం నాకు సమ్మతం కాదు. మన ప్రాచీన కట్టడాల రక్షణకు 1904లో చట్టం తెచ్చినవాడాయన. మరుసటి యేడు వంగదేశాన్ని చీల్చినవాడూ ఆయనే. అయితే, "అందం చూచి ఆనందించక చరిత్ర తవ్వడమెందుకు?" అనే రసికమిత్రుల మాట అంతకన్నా సమ్మతం కాదు. ఈ భవనం చుట్టూ ఉద్యానం వేయడానికి ఉన్న ఊరినే తరలించారు. పాత చర్చి మాత్రం మిగిలింది. సందర్శకులను ముందుగా ఆ చర్చికి తీసుకొనివెళ్ళి, ఆపైన పాలరాతి సభకు రప్పించాలంటాను.

మా అమ్మాయి, "అన్నిటికన్నా ముందు టీ, నాన్నగారూ" అన్నది.