పరమానందయ్య శిష్యుడు మర్యాద రామన్న పీఠమెక్కితే



మన జానపద కథలలో రెండు పెద్ద పరంపరలున్నాయి. ఒకటి పరమానందయ్య శిష్యులది. వారికి ఎన్ని అనుభవాలైనా బుద్ధి రాదు. రాకపోవడం వలననే కథ తరువాత కథ పుడుతూ ఉంటుంది. రెండవది మర్యాద రామన్నది. ఆయన ముందుకు ఏ తగవు వచ్చినా ముడి విప్పి నిజం బయటపెడతాడు. ఈ రెంటినీ కలిపి, పరమానందయ్య శిష్యుణ్ణి తీసుకొనిపోయి రామన్న పీఠం మీద కూర్చుండబెడితే వచ్చేదే హాస్య అపరాధ పరిశోధక చిత్రం. తెలివి తక్కువవాడు తెలివిగలవాడి పని చేయబూనడమే ఇందులోని హాస్యానికి మూలం.

ఈ కోవలో పాశ్చాత్యుల 'పింక్ పాంథర్' చిత్రమాలను మించి సుదీర్ఘంగా సాగినవి అరుదు. 1963లో వచ్చిన మొదటి చిత్రంలో ఇన్‌స్పెక్టర్ క్లూసో అసలు ప్రధాన పాత్ర కాదు. కథ డేవిడ్ నివెన్ ధరించిన దొంగది. పీటర్ సెల్లర్స్ నటనా బలం చేత ఉపపాత్ర కాస్తా నాయకుడైపోయింది. సెల్లర్స్ బ్రతికి ఉండగా క్లూసోగా నటించి విడుదల చేసిన చిత్రాలు అయిదు: 1963, 1964, 1975, 1976, 1978. నడుమ 1968లో అలన్ ఆర్కిన్, చివర 2006, 2009లలో స్టీవ్ మార్టిన్ ఆ పాత్రను ధరించారు.

వీటిలో నా దృష్టికి ఉత్తమమైనది 1964 నాటి 'ఎ షాట్ ఇన్ ది డార్క్'. ఒక ధనికుని భవనంలో హత్య జరుగుతుంది. పనిపిల్ల మరియా చేతిలో తుపాకీ ఉంటుంది. సాక్ష్యమంతా ఆమెకు వ్యతిరేకం. క్లూసో మాత్రం ఆమె నిర్దోషి అంటాడు. విడిపిస్తాడు, ఇంకొక శవం దొరుకుతుంది. మళ్లీ విడిపిస్తాడు, మరొక శవం. ఆయన తర్కమంతా తప్పులతడక. నడిస్తే తూలుతాడు, కూర్చుంటే పడతాడు. అయినా ఆ ఒక్క మాటలో ఆయనే నిజం, లోకమంతా అబద్ధం. పెద్దింటివారి పాపం పనిపిల్ల మెడకు చుట్టుకోకుండా అడ్డుపడినవాడు ఆ భవనమంతటికీ ఈ మూర్ఖుడొక్కడే. అందుచేత ఆయన పడినప్పుడు నవ్వుతాము గాని ఆయన ఓడిపోవాలని కోరుకోము.

1976 నాటి 'ది పింక్ పాంథర్ స్ట్రైక్స్ అగైన్' దగ్గరకు వచ్చేసరికి సంగతి మారింది. క్లూసో పై అధికారి డ్రెఫస్ పిచ్చివాడై, ఒక వింత యంత్రంతో ఐక్యరాజ్యసమితి భవనాన్నే మాయం చేస్తాడు. నవ్వులకు కొదువ లేదు. కాని నేరమే హాస్యాస్పదమైపోయింది. కాపాడవలసిన మరియా వంటి మనిషి అందులో లేదు. ఇక సెల్లర్స్ 1980లో మరణించిన పిమ్మట, ఆయన పాత చిత్రాలలో వాడకుండా మిగిలిన ముక్కలు కూర్చి 1982లో ఒక చిత్రం తీశారు. ప్రాణం పోయిన తరువాత పాత్రను నడిపించబోతే ఏమవుతుందో దానిని చూచి తెలుసుకోవచ్చు.

భరతుడు నాట్యశాస్త్రంలో నవ్వును స్మితం మొదలు అతిహసితం వరకు ఆరు విధాలుగా విభజించాడు. నిర్వహణ సంధిలో అద్భుతరసం ఉండాలనీ చెప్పాడు. అపరాధ పరిశోధన కథకు ఇంతకంటె సరిపడే సూత్రం లేదు. హాస్యం ఎంత సాగినా చివరకు ముడి విడిపోయినప్పుడు 'ఆహా' అనిపించాలి. ముడి గట్టిదైతేనే ఆ ఆశ్చర్యం. నేరాన్ని కూడా వేళాకోళం చేస్తే విప్పడానికి ముడే ఉండదు.

ఇక మన సంగతి. తెలుగు పాఠకునికి అపరాధ పరిశోధన కొత్త కాదు. కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ యుగంధర్ నవలలు అద్దె పుస్తకాల అంగళ్లలో ఎన్ని చేతులు మారాయో లెక్కలేదు. ఆరుద్ర వంటి కవి కూడా 'పలకల వెండి గ్లాసు' వ్రాశారు. అయినా నవ్వించే డిటెక్టివు మన తెరపై పరంపరగా నిలువలేదు.

1986లో జంధ్యాలగారు మల్లాది వెంకటకృష్ణమూర్తిగారి నవల ఆధారంగా 'చంటబ్బాయ్' తీశారు. చిరంజీవి ధరించిన పాండురంగారావు తన్ను తాను జేమ్స్ పాండ్ అని చెప్పుకుంటాడు. ఆ పేరులోనే పాత్ర స్వభావమంతా ఉంది: బాండు కావాలని కోరిక, పాండుగా పుట్టిన వాస్తవం. వేషాలు వేస్తాడు, చాప్లిన్‌ను అనుకరిస్తాడు, నర్సు దుస్తులలో తిరుగుతాడు. కాని ఆ నవ్వులన్నిటి అడుగున తప్పిపోయిన ఒక కొడుకు కోసం సాగే వెదుకులాట ఉంది. జంధ్యాల ఆ వెదుకులాటను వెక్కిరించలేదు. ఆ చిత్రం నేటికీ నిలవడానికి అదే కారణమని నా నమ్మకం.

మరి పాండు మళ్లీ ఎందుకు రాలేదు? ఒక కారణం తేటతెల్లమే. 'ఖైదీ' (1983) తరువాత చిరంజీవిగారి నుండి ప్రేక్షకులు కోరినది వేరు. రెండవ కారణం లోతైనది. మన కథలకు ఫలాగమం కావాలి. తప్పిపోయినవారు దొరకాలి, ప్రేమించినవారు కలవాలి. లోటు తీరగానే నాయకుడు నిండుకుండ అయిపోతాడు. ఇక అతనికి రెండవ కథ అక్కరలేదు. క్లూసోకు ఏ లోటూ తీరదు, ఏ పాఠమూ తలకెక్కదు. అందుకే మళ్లీ వస్తాడు. విచిత్రమేమంటే ఈ సూత్రం పరమానందయ్య శిష్యుల కథ చెప్పిన మన పూర్వులకు బాగా తెలుసు.

2019లో స్వరూప్ ఆర్.ఎస్.జె. దర్శకత్వంలో 'ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ' వచ్చింది. నెల్లూరులో ఒక చిన్న కార్యాలయం, దాని పేరు చూస్తే అమెరికావారి ఎఫ్.బి.ఐ. డాంబికంలో పాండుకు తమ్ముడే. కాని రైలు పట్టాల ప్రక్కన దొరికే అనాథ శవాలు, అతని తల్లి మరణం ఆ కథను బరువెక్కిస్తాయి. నవీన్ పోలిశెట్టి ఆ రెండు తీరులనూ ఒకే ముఖంలో చూపాడు.

అదే ఏడాది చివర రితేష్ రాణా తీసిన 'మత్తు వదలరా' వచ్చింది. 2024లో దానికి రెండవ భాగం. మొదటి దానిలో సరకులు ఇంటింటికీ చేరవేసే ఇద్దరు కుర్రవాళ్లు. చాలీచాలని జీతం వలన అయిదువందల నోటు దగ్గర చిన్న మోసం, అక్కడినుండి పెద్ద ప్రమాదం. ఆ బీదరికం నిజమైనది. మా తెల్లాపూరు అపార్టుమెంట్ల మెట్లెక్కి దిగే కుర్రవాళ్ల ముఖాలలో దానిని రోజూ చూడవచ్చు. రెండవ భాగంలో వారే పరిశోధక బృందంలో చేరారు. సత్య నవ్వించిన మాట నిజమే. అయితే ఇతర సినిమాల మీద చమత్కారాలు పెరిగి, నేరం పలుచబడింది. 1964 క్లూసోకూ 1976 క్లూసోకూ నడుమ జరిగినది ఇక్కడ రెండు భాగాలలోనే జరిగిందని నాకనిపించింది.

గంభీర పరిశోధనలో మనకు 'హిట్' చిత్రాలు మూడు వచ్చాయి: 2020, 2022, 2025. మూడింటికీ ముగ్గురు నాయకులు. అక్కడ కొనసాగినది పేరే గాని మనిషి కాదు. హాస్యానికి ఆ పద్ధతి చెల్లదు. మనం ఎదురుచూచేది ఆ మనిషి తూలుడు కోసమే కదా!

బడిలో ముప్పది ఏళ్లకు పైగా పనిచేసినవాణ్ణి. తప్పు జవాబు చెప్పిన పిల్లవాణ్ణి చూచి తరగతి నవ్వుతుంది. ఆ నవ్వు రెండు విధాలు. ఒకటి వాణ్ణి మళ్లీ చేయి ఎత్తనీయదు. రెండవదానిలో వాడూ కలిసి నవ్వి, మరుసటి ప్రశ్నకు ముందుగా లేస్తాడు. పాండు, ఆత్రేయ, మంచిరోజుల క్లూసో ఈ రెండవ నవ్వుకు చెందినవారు. లోకం తెలివితక్కువవాడని తేల్చినవాడికి కూడా ఒక నిజం దొరకవచ్చునని, అది ఒక నిర్దోషిని కాపాడవచ్చునని వారు చెబుతారు. ఆ మాట చెప్పగలిగినంతకాలం ఎన్ని భాగాలు తీసినా చూడవచ్చు. చెప్పలేనప్పుడు రెండవ భాగమే ఎక్కువ.

ఈ కోవలో నేను ప్రస్తావించని తెలుగు చిత్రాలు మీకు స్ఫురిస్తే వ్యాఖ్యలలో తెలియజేయగలరు.