బళ్లారి మాదంటావా? ముందు కొండెక్కు

బళ్లారి మాదని గొంతు చించుకునేవాళ్లు రెండు పక్కలా ఉన్నారు. తెలుగువాళ్లదని ఒకడు, కన్నడిగులదని ఇంకొకడు. నవంబరు ఒకటో తారీఖు, కర్ణాటక అవతరణ దినం వస్తే ఒక పక్క జెండాల ఊరేగింపు. దుకాణం బోర్డు ఏ భాషలో ఉండాలన్న పేచీ లేస్తే రెండో పక్క ఆవేశం. ఈ ఇద్దరినీ నేనొకటే అడుగుతున్నాను. ఊరి నడుమ కొండ, బళ్లారి గుడ్డ ఎక్కావా? దాని మీది పైకోటలో రాతిలో తొలిచిన దొనలు ఎక్కడున్నాయో చూశావా?

లేదు కదా. మరి నీదెట్లా అయింది?

నాది కురుగోడు. మాకు పట్నమంటే బళ్లారే. రక్తపరీక్షకు బళ్లారి, పెళ్లిబట్టలకు బళ్లారి, కోర్టు వాయిదాకు బళ్లారి, ట్రాక్టరు లోనుకు బళ్లారి, పిల్లల కాలేజీకి బళ్లారి. ఆ ఊరి నుంచి మేం తెచ్చుకోనిది లేదు. తుంగభద్ర కాలవ నీళ్లొచ్చాక కోస్తా నుంచి దిగి క్యాంపులు కట్టుకున్న రైతులైనా అంతే, తాతల నాటి నుంచి ఇక్కడే మిరప, జొన్న వేసుకునేవాళ్లైనా అంతే. ఇంతగా పోయొస్తారే, ఆ ఊళ్లో ఏముందో చెప్పమంటే అందరిదీ ఒకే జవాబు: "ఏముందప్పా, దుమ్ము, ఎండ."

దుమ్మూ ఎండా చూడ్డానికైతే దుబాయి ఎందుకు పోతున్నావు నాయనా? బళ్లారి ఎండకు తట్టుకోలేనివాడు మే నెలలో ఎడారికి టికెట్టు కొంటాడు. అక్కడ అద్దాల మేడ ముందు నిలబడి చెమటలు కక్కుతూ ఫొటో దిగి, ఆహా ఏమి సిటీ అంటాడు. ఆ మేడ కట్టి ఇరవై ఏళ్లు కాలేదు. వాడి ఊరి పక్కన మనుషులు దాదాపు అయిదు వేల ఏళ్ల కిందట కాపురాలు చేసిన కొండ ఉంది. దాన్ని వాడు బస్సు కిటికీలోంచి కూడా చూడలేదు. ఆ టైముకు ఫోన్లో రీల్సు చూస్తున్నాడు.

ఇప్పుడు డబ్బున్నోళ్లకు కొత్త సరదా పట్టుకుంది. స్టేకేషనట. ఎక్కడికీ పోకుండా సొంత ఊళ్లోనే యాత్రికుల మాదిరి నాలుగు రోజులు గడపడం. వినగానే, పరవాలేదు, బుద్ధి వచ్చింది అనుకున్నాను. తీరా చూస్తే ఏముంది? ఊరి బయట రిసార్టులో గది తీసుకోవడం, కర్టెన్లు బిగించి ఏసీ పెట్టుకోవడం, ఈతకొలనులో నడుముదాకా దిగి జ్యూసు తాగడం. పొద్దున్నే బళ్లారి సందుల్లో బండి మీద వేడివేడిగా దొరికే ఉగ్గాని బజ్జిని పింగాణీ ప్లేటులో చారెడు పెట్టి, పక్కన కొత్తిమీర రెబ్బ గుచ్చి, పదింతల ధర వేస్తే, 'లోకల్ టేస్ట్' అని మురిసిపోతూ తినడం. ఊరు చూడాలని తీసిన సెలవులో ఊరు కనబడకుండా తెర దించుకున్నారు. దానికి బిల్లు కట్టి మరీ వచ్చారు.

సరే, చూడాల్సిందేమిటో చెబుతాను. చెవి ఇటు పెట్టండి.

బళ్లారి గుడ్డ ఒకే రాతి గుట్ట. ఊరి నడుమ ఏనాటి నుంచో అట్లా కూర్చుని ఉంది. పైకోట పాలెగాడు హనుమప్ప నాయకుడు కట్టించింది. కిందికోట హైదర్ అలీ చేతికి బళ్లారి వచ్చాక లేచింది. దాన్ని కట్టిన ఫ్రెంచి ఇంజినీరు కథ ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. కోటంతా పూర్తయ్యాక తేలిందట, ఎదురుగా ఉన్న కుంబార గుడ్డ ఈ కొండకన్నా ఎత్తని, అక్కడ ఫిరంగి పెడితే కోట చిత్తని. హైదర్ ఆ ఇంజినీరును కోటవాకిట్లోనే ఉరి తీయించాడంటారు. నిజమో కల్పనో పక్కన పెట్టండి. ఎదురుగా ఉన్న కొండను సరిగ్గా చూడకపోవడం ఉరిశిక్ష వేయాల్సినంత నేరమని ఆ కథ అల్లినవాళ్లకు అనిపించింది. ఆ చట్టమే ఇవాళ అమల్లో ఉంటే బళ్లారి జిల్లాలో ఓటర్ల జాబితా ఒక్క కాగితం మీదికి వచ్చేస్తుంది.

ఇంకొకాయన ఉన్నాడు. కర్నూలు నవాబు ముజఫర్ ఖాన్. భార్యను చంపిన నేరానికి తెల్లవాళ్లు ఆయన్ని 1823 నుంచి 1864 దాకా ఈ కోటలోనే పెట్టారు. నలభై ఏళ్లు! పొద్దు పొడవడం, గుంకడం, వానాకాలం మబ్బులు, కింద బజారులో దీపాలు, అన్నీ ఆయన ఆ కొండ మీది నుంచే చూసుంటాడు. ఈ నేలంతా మాదేనని సభల్లో చెప్పే పెద్దమనుషులకన్నా ఒక ఖైదీ బళ్లారిని ఎక్కువ చూశాడు. సిగ్గనిపించడం లేదా? నాకనిపిస్తోంది, మీ తరఫున.

ఇప్పుడు సంగనకల్లుకు రండి. బళ్లారికి కూతవేటు దూరం, ఇందాక నేనన్న అయిదు వేల ఏళ్ల కొండ అక్కడిదే. కొత్తరాతియుగం మనుషులు అక్కడ పశువుల్ని కాచారు. పేడ కుప్పలుగా పోసి కాల్చారు. ఆ బూడిద దిబ్బలు నేటికీ మిగిలాయి. నల్లరాతిని చెక్కి గొడ్డళ్లు చేశారు, ఒకటీ రెండూ కాదు, కార్ఖానా పెట్టినట్టు చేశారు. దగ్గర్లోనే కప్పగల్లు కొండ మీద నల్లబండల నిండా మూపురపు ఎద్దుల బొమ్మలు పొడిచి పెట్టారు. ఆ బండల్లో కొన్నింటిని గులకరాయితో కొడితే గంట మోగినట్టు ఖంగుమంటాయి. కొట్టీ కొట్టీ గుంటలు పడ్డాయి, ఆ గుంటలు ఇప్పటికీ ఉన్నాయి. రాతినే వాయిద్యం చేసుకున్న మనుషులు వాళ్లు. ఫాసెట్ అనే తెల్లదొర 1892లోనే ఈ రాతిబొమ్మల మీద వ్యాసం రాశాడు. నికోల్ బోవిన్ అనే పరిశోధకురాలు 2004లో ఇంకో వ్యాసం రాసి, రాళ్ల క్వారీల వల్ల ఈ కొండకు ముప్పుందని లోకానికి మొరపెట్టుకుంది.

లోకం విన్నది. బళ్లారి వినలేదు. వింటే వంటింటి గట్టుకు గ్రానైటు ఎక్కడి నుంచి వస్తుంది? ముందు కొండకు ధర కడతారు, తర్వాత లారీల్లో ఎత్తుతారు, ఆపైన ఇల్లు కట్టుకుని గృహప్రవేశానికి పత్రిక వేసి అందులో 'మన సంస్కృతి, మన సంప్రదాయం' అని బంగారు అక్షరాలు అచ్చేస్తారు. 'మన సంస్కృతి' మీద రోజూ దోసెలు పోసుకుంటున్నారు.

ఈ కొండలెక్కి గొడ్డళ్లేరి, 1895లో బళ్లారి జిల్లా భూగర్భం మీద ఏకంగా ఒక గ్రంథం రాసిన రాబర్ట్ బ్రూస్ ఫూట్ పేరుతో ఊళ్లోనే మ్యూజియం ఉంది. పురావస్తువేత్త రవి కోరిశెట్టర్ ఏళ్ల తరబడి పట్టు పట్టి నిలబెట్టిన మ్యూజియం అది. మా వాళ్లనొకణ్ణి అడిగాను, ఫూట్ తెలుసా అని. "ఏ పార్టీ సామీ?" అన్నాడు.

నవ్వకండి. మీ సంగతేమన్నా మేలా? 'ఆంధ్ర నాటక పితామహుడు' ధర్మవరం రామకృష్ణమాచార్యులు బళ్లారిలో ప్లీడరు. ఇక్కడే సరస వినోదినీ సభ పెట్టి తెలుగు నాటకాన్ని నిలబెట్టాడు. ఆయనకు పోటీగా సుమనోరమ సభ పెట్టిన కోలాచలం శ్రీనివాసరావూ ఇక్కడి ప్లీడరే. ఆ ఇద్దరి నీడలో ఎదిగిన నటుడు బళ్లారి రాఘవ 1928లో ఇంగ్లాండుకు పోయి బెర్నార్డ్ షాను కలిసొచ్చాడు. ఆడవేషం ఆడవాళ్లే వేయాలని మగాళ్ల మీసాలకు కోపం తెప్పించాడు. ఇవి హైదరాబాదు మైకుల్లో బాగా మోగే పేర్లు. బళ్లారిని పోగొట్టుకున్నామని అక్కడ కళ్లు తుడుచుకునే కవిశేఖరులారా, రాఘవ పేరున ఊళ్లో కళామందిరం ఉంది. మీలో ఎందరు గడప తొక్కారు? బెంగళూరు విమానం ఎక్కినప్పుడు కిందికి తొంగిచూసి నిట్టూర్చితే లెక్కలోకి రాదు.

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డ 1953 అక్టోబరు 1న బళ్లారి జిల్లాను కోశారు. ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు పోయాయి. మిగిలింది మైసూరుకు. బళ్లారి తాలూకా ఎవరిదన్న దాని మీద జస్టిస్ మిశ్రా విచారణ జరిపితే, అదీ మైసూరుకే పోయింది. ఇటు ఏడుపులు, అటు సంబరాలు. అన్నేళ్ల కొట్లాటలో ఎవరికి ఎంతమంది, ఏ ఇంట్లో ఏ భాష, ఏ సంతకు ఏ దారి అని లెక్కలు కట్టారు. ఏడ్చినవాడి మనవడూ, నవ్వినవాడి మనవడూ ఇవాళ ఒకే రిసార్టు కొలనులో పక్కపక్కన తేలుతున్నారు. భాషాసామరస్యం అంటే ఇదే కాబోలు!

మీకు మీ ఊరు మీద నమ్మకం రావాలంటే బయటివాడు వచ్చి సంతకం పెట్టాలి. హంపీని చూడండి. మేకలు మేసే రాళ్లగుట్ట అన్న నోళ్లే, 1986లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కించగానే 'మన హంపీ' అన్నాయి. తెల్లోడు చెప్పులు విడిచి మంటపంలో కూర్చుంటే మీకు గుడి కనబడింది. మా కురుగోడులో దొడ్డబసవన్న ఉన్నాడు, పన్నెండడుగుల ఏకశిల. జాతరనాడు లక్షణంగా కొబ్బరికాయ కొడతాం. ఇన్నడుగుల రాయిని నంది చేసిందెవరు, ఎప్పుడు, ఈ ఊరినేలిన సింద రాజులెవరు అని పిల్లాడు అడిగితే మాత్రం, "నోరు మూసుకుని దండం పెట్టు" అంటాం. పిల్లాడు అప్పుడు మూసిన నోరు పెద్దయ్యాక రాజకీయ సభలోనే తెరుస్తాడు.

ఇంతకీ బళ్లారిని చూస్తున్నదెవరో తెలుసా? మీరు చీదరించుకునేవాళ్లు. 2023 జూన్ 11న శక్తి పథకం మొదలై ఆడవాళ్లకు బస్సు ఉచితమైంది. ఆరోజు నుంచి మా బస్టాండు అరుగు మీద మగాళ్ల వెక్కిరింతలకు అంతులేదు. "జీరో టికెట్టు యాత్రలు బయలుదేరినాయప్పా." "ఇంట్లో పొయ్యి ఎవరు వెలిగిస్తారో?" "ప్రభుత్వం దివాలా తీస్తుంది." ఈ ఆర్థికవేత్తలు సాయంత్రం ఏ దుకాణం ముందు ఏ సీసాతో ప్రభుత్వ ఖజానా నింపుతారో నాకు తెలుసు, మీకూ తెలుసు.

ఆ జీరో టికెట్టు మనుషుల్లో ఒకామెను పైకోటలో చూశాను. యాభై దాటి ఉంటాయి. మెట్లెక్కి ఆయాసపడుతూ దొన గట్టున కూర్చుని మూట విప్పింది. జొన్నరొట్టె, చెనిక్కాయల పొడి, ఒక ఉల్లిగడ్డ. తినకముందే దొనలోకి వంగి చూసింది. అరచేత్తో గట్టును తడిమింది. అక్కడున్న కాపలా మనిషిని అడిగింది: "ఇంత ఎత్తున నీళ్లెట్లా నిలిచినాయి? ఊటనా, వాననా?" అతను నీళ్లు నమిలాడు. వదల్లేదామె. "రాయిని తొలిచినారంటే ఆ తొలిచిన రాయంతా ఏమైనట్టు? గోడకు వాడినారా?" అని మళ్లీ అడిగింది. చదువురాని మనిషి. ఆ ప్రశ్న బళ్లారి కోర్టులో వాదించే ప్లీడరు అడగలేదు, గనుల్లో కోట్లు తవ్విన కాంట్రాక్టరు అడగలేదు, వారసత్వం మీద ఉపన్యాసాలిచ్చే నాయకుడు అడగలేదు. ఆమెకు సెలవు లేదు, ప్యాకేజీ లేదు, స్టేకేషన్ అనే ముక్క తెలీదు. రొట్టె తింటూ కూడా గోడ కట్టిన తీరును కిందా మీదా చూస్తూనే ఉంది. వెనకాల ఒక కుర్రాడు అదే గోడకు వీపు ఆనించి సెల్ఫీ తీసుకుంటున్నాడు. గోడ వాడి వెనకుంది, ఎప్పటికీ వెనకే ఉంటుంది.

పొట్టకూటికే తిప్పలు పడేవాడికి ఈ షికార్లేమిటని నా మీద విరుచుకుపడేవాళ్లుంటారు. వాళ్ల జాలి నాకు తెలుసు. బళ్లారి జీన్స్ దేశమంతా తొడుక్కుంటుంది. వాటిని కుట్టే పిల్లకు వారానికొక్క పూట తెరిపి దొరికితే, ఆ పూట బట్టలుతుక్కుని పడుకుంటుంది. ఆమెను నేను ఒక్క మాట కూడా అనను. ఆమె పేరు చెప్పి తన బద్ధకాన్ని కప్పుకునే జీతగాళ్లను అంటున్నాను. రెండో శనివారం సెలవు, పండగ సెలవు, ఎల్టీసీ, కారు, కారులో ఏసీ, అన్నీ ఉన్న పెద్దమనిషి కూలీమనిషి భుజం మీద తుపాకీ పెట్టి కాలిస్తే ఊరుకుంటానా?

ఊటీకి పోవద్దనడం లేదు. పోండి, మఫ్లర్లు కొనుక్కోండి. నేనడిగేది మీ సెలవుల్లో రెండు రోజులు. కురుగోడులో పొద్దున మొదటి బస్సెక్కితే ఎండ ముదరకముందే కొండ మీద ఉంటారు. ఊళ్లో లాడ్జిలో గది తీసుకోండి, బంధువుల ఇంటికి పోతే మళ్లీ పెళ్లిసంబంధాల మాటలే. సాయంత్రం బ్రూస్‌పేట, కౌల్ బజార్ సందుల్లో కాళ్లు నొప్పి పుట్టేదాకా తిరగండి. కనకదుర్గమ్మ గుడికాడ అరగంట నిలబడి ఎవరు ఏ భాషలో మొక్కుకుంటున్నారో వినండి. ఒకే ముసలమ్మ ఒకే మొక్కును సగం తెలుగులో, సగం కన్నడంలో మొక్కడం వింటారు. మిశ్రా కమిషన్ ముందు ఆమెను సాక్ష్యానికి పిలిచినవాడు లేడు. మర్నాడు మ్యూజియం, సంగనకల్లు. రాయిని కొట్టి చూస్తామని గొడ్డలి మాత్రం పట్టుకుపోకండి. మీ చేతుల సంగతి నాకు తెలుసు.

దీనికి జవాబులొస్తాయని తెలుసు. తెలుగుద్రోహి అని కొందరు, కన్నడద్రోహి అని మరికొందరు, పనిలేనివాడని ఇంట్లోవాళ్లు. వరసలో నిలబడండి, అందరివీ చదువుతాను. ఒకటే షరతు. ఉత్తరం మొదటి వాక్యంలో, కోట వాకిట్లో నిలబడితే కుంబార గుడ్డ ఏ చేతి వైపు కనబడుతుందో రాయాలి. పక్కింటివాణ్ణి అడక్కూడదు, ఫోన్లో వెతక్కూడదు. అది తప్పు రాసిన ఉత్తరం రెండో వాక్యం నేను చదవను.