కత్తి మొండిదైతే కిరాయి దండగ

పత్తి ఏరడం అయిపోయాక కట్టె కొట్టడానికి కూలీలు దొరకడం లేదు. ట్రాక్టరు వెనక స్లాషర్ తగిలించి కొట్టించుకునే రైతులు పెరిగారు. మంచిదే. కట్టెను తగలబెడితే మిగిలేది బూడిద, ముక్కలు చేసి కలియదున్నితే భూమికి సత్తువ. కానీ కొన్ని చేలల్లో స్లాషర్ పోయిన వెనక చూస్తే కట్టె తెగి ఉండదు, నలిగి వంగిపోయి ఉంటుంది. మళ్ళీ రెండోసారి తిప్పించాలి. గంట లెక్కన డబ్బు కట్టేది రైతు. ఎకరం, రెండెకరాల ఆసామికి ఇది చిన్న దెబ్బ కాదు.

అడిగితే డ్రైవరు "కట్టె ముదిరిందండీ" అంటాడు. నెపం కట్టె మీద వేసే ముందు మిషను చూడాలి.

మొదట కత్తులు. అంచు మొద్దుబారితే సానపట్టాలి, బాగా అరిగితే మార్చాలి. మార్చేటప్పుడు జతగా, ఒకే బరువువి వేయాలి. లేదంటే మిషను అదిరి బేరింగులు పోతాయి. పదును అంచు తిరిగే వైపుకే ఉందా, తిరగేసి బిగించారా అన్నది కూడా చూడాలి.

రెండోది వేగం. ఎక్కువ స్లాషర్లకు పి.టి.ఓ. నిమిషానికి 540 చుట్లు తిరగాలి. డీజిలు మిగులుతుందని రేజింగ్ తగ్గిస్తే కత్తి నరకదు, కొడుతుంది. రేజింగ్ తగ్గించకుండా చిన్న గేరులో నిదానంగా నడపాలి.

మూడోది మట్టం. టాప్ లింకు సరిచేసి ముందు అంచు వెనక కంటే కాస్త కిందికి ఉంచాలి. మరీ దించితే కత్తి మట్టిని, రాళ్ళను తాకి ఒక్క పూటలో మొండిదవుతుంది. బెల్టు ఉన్న మిషనైతే అది జారుతోందేమో చూడాలి.

ఇవన్నీ ఇంజను ఆపి, తాళం తీసి, ఎత్తిన స్లాషర్ కింద గట్టి దిమ్మెలు పెట్టాకే చూడాలి. నడుస్తున్నప్పుడు వెనక ఎవరూ ఉండకూడదు. రాయి తూటాలా లేస్తుంది.

సగం తెగిన మోళ్ళతో ఇంకో చిక్కుంది. తడి తగిలితే అవి చిగురిస్తాయి, పురుగుకు నీడ అవుతాయి. గులాబి రంగు పురుగుతో నష్టపోయిన రైతుకు ఈ మాట వేరే చెప్పక్కర్లేదు.

నా మాట ఒక్కటే. బేరం గంటకు కాదు, ఎకరానికి కుదుర్చుకోండి. అప్పుడు కత్తి పదును ట్రాక్టరు ఆసామి బాధ్యత అవుతుంది. గంట లెక్క తప్పకపోతే, ముందు రెండు సాళ్ళు కొట్టించి కోత చూశాకే లెక్క మొదలుపెట్టించండి. మిషన్లు అద్దెకిచ్చే కేంద్రాలు కూడా ప్రతి స్లాషర్‌తో ఒక జత పదును కత్తులు పంపాలి. అడగడానికి మొహమాటం ఎందుకు? డబ్బు మనది, చేను మనది.