బ్యాండు వాద్యములకు తగిన నూనె

ఇంట కొబ్బరినూనె యుండగా కార్నెట్టు పిస్టనులకు వేఱుగా వాల్వు ఆయిలు కొనుట దుబారాయని కొందఱు తలిదండ్రు లనుచున్నారు. మే మందులకు సమ్మతింపము. కొబ్బరినూనె యించుమించు 24 డిగ్రీల సెంటిగ్రేడునకు దిగువను పేరుకొనును. సికింద్రాబాదున డిసెంబరు వేకువ యంతకంటె చల్లనిది. నువ్వులనూనె కొన్నాళ్లకు జిగురుగట్టును. ఒక క్రిస్మసు వేకువను కీర్తన నడుమ పిస్టను దిగి మరల పైకి రాలేదు. స్వరము తప్పినదని మేము బాలుని గద్దించితిమి. ఆ నూనె యిచ్చినది మేమే!

పిస్టనునకును దాని గొట్టమునకును నడుమనున్న సందు వెండ్రుకకంటె సన్నము. క్రొత్త వాద్యమునకు పలుచని తైలము చాలును. అరిగినదానికి గాలి జాఱకుండ కొంచెము చిక్కనిది వలయును. మన బ్యాండున నరిగినవే మెండుగాన చిక్కనిదే కొనవలెనని మా యభిప్రాయము. పాతజిడ్డును మాత్రము ముందుగా గోరువెచ్చని సబ్బునీట కడుగవలెను.